కారు నికోబారు బడిపంతులు వేదప్పన్ సొలొమోను

పోర్టు బ్లెయిరు రేవులో చాతం ద్వీపమునుండి బయలుదేరిన ఫెర్రీ కొద్ది నిమిషములలోనే ఎదుటనున్న బాంబూఫ్లాట్ ఒడ్డును చేరును. 2024లో పోర్టు బ్లెయిరు నగరమునకు శ్రీ విజయపురమను పేరు పెట్టబడినది గాని, రేవును దాటు ప్రజల వాడుకలో పాత పేరే యింకను నిలిచియున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయి యా దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. బెంగాలీ, తమిళము, హిందీలతోపాటు తెలుగు మాటయు ఆ ఫెర్రీ మీద వినవచ్చును. బాంబూఫ్లాట్‌కు పొరుగుననే హోప్‌టౌన్ రేవుకట్ట కలదు. 1872 ఫిబ్రవరి 8వ తేదీన మేయో ప్రభువను వైస్రాయి అచ్చటనే షేర్ అలీ అను ఖైదీ కత్తిపోటుకు గురియయ్యెను. ఆ కథ చరిత్ర పుస్తకముల కెక్కినది. ఇదే రేవు ఒడ్డున కొంతకాలము తల్లిదండ్రులు లేని బాలురకు ఆంగ్ల అక్షరములు నేర్పి, ఆ పిమ్మట వారితోకూడ సముద్రముమీద దక్షిణమునకు పోయిన ఒక భారతీయ ఉపాధ్యాయుని కథ నికోబారు క్రైస్తవులలో తరతరములుగా చెప్పుకొనబడుచున్నను, మన తెలుగు సంఘములలో తెలిసినవారు తక్కువ. ఆయన పేరు వేదప్పన్ సొలొమోను.

ఆయన పనియొక్క విలువ తెలియవలెనన్న ఆయనకు ముందు జరిగినదానిని కొంచెము చెప్పవలసియున్నది. 1858 మార్చి నెలలో ఆంగ్ల ప్రభుత్వము పోర్టు బ్లెయిరులో ఖైదీల వలసను స్థాపించెను. ఆ అడవులలో యుగయుగములుగా నివసించుచున్న అండమాను ప్రజలు, తమ భూమిమీదికి వచ్చిన క్రొత్తవారిని బాణములతో ఎదిరించిరి. వారిని మచ్చిక చేయవలెనను తలంపుతో 1863లో హెన్రీ కార్బిన్ అను ఆంగ్ల గురువు రాస్ ద్వీపములో అండమాను గృహమును తెరచెను. అక్కడ పెద్దలకును పిన్నలకును వస్త్రములు తొడిగించి, ఆంగ్లము నేర్పించిరి. కార్బిన్ ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని అడవిలో పెరిగినవారిని కావలిలో నుంచి అక్షరములు దిద్దించుట చదువు నేర్పుట కాదు. వారిలో కొందరు అవకాశము దొరకినప్పుడు సముద్రములోనికి దూకి, ఈదుకొని తమ అడవులకు పారిపోయిరి. మిగిలినవారిని క్రొత్త రోగములు పట్టుకొనెను. 1877లో వచ్చిన తట్టు రోగము వందలకొలది అండమాను ప్రజలను మ్రింగివేసెను. వేలసంఖ్యలో నుండిన గ్రేట్ అండమాను తెగలవారు 1901 జనాభా లెక్కలనాటికి 625 మంది మాత్రమే మిగిలిరి. 1961లో వారి సంఖ్య 19. పిల్లలను వారి యింటినుండి బడికి తెచ్చిన ప్రయత్నము ఆ విధముగా ముగిసెను.

ఆ రేవు ప్రాంతమున పిల్లలకొరకు నడచిన అనాథశాలలోనే సొలొమోను గారు పనిచేసిరి. ఆయన మద్రాసు ప్రాంతపు క్రైస్తవుడు. ఆంగ్ల సువార్త ప్రచార సంఘమునకు చేరిన ఉపదేశకుడు. అండమాను పిల్లలు క్రమముగా తరిగిపోగా, అనాథశాలలో నికోబారు దీవుల బాలురు మిగిలిరి. వీరిని అచ్చటనే ఉంచి చదివించుటకంటె, ఉపాధ్యాయుడే వారితోకూడ వారి దీవికి పోయి బడి పెట్టుట మేలని నిశ్చయింపబడెను. 1890లలో సొలొమోను గారు పోర్టు బ్లెయిరును విడిచి, సుమారు 270 కిలోమీటర్ల దూరములోనున్న కారు నికోబారు ద్వీపమునకు ఓడ యెక్కిరి.

అచ్చటికి పోయిన మొదటి సువార్తికుడు ఆయన కాడు. 1768లో మొరేవియను సహోదరులు తరంగంబాడి నుండి పోయి, నికోబారులోని నాన్‌కౌరి ద్వీపమున కాపురముండిరి. పందొమ్మిది యేండ్లు వారు ఒకరి వెంట ఒకరు జ్వరముచేత మరణించుచు, సమాధులు త్రవ్వుకొనుచు పనిచేసి, 1787లో ఆ దీవిని విడిచిపెట్టిరి. ఆ తరువాత ఫ్రెంచి క్యాథలిక్ గురువులు కొందరు ప్రయత్నించి నిలువలేకపోయిరి. ఈ సమాధుల సంగతి ఎరిగియు ఒక మనుష్యుడు నల్లబల్లతో ఆ దీవులకు బయలుదేరుట సామాన్యమైన సంగతి కాదు. ఐరోపా వారు జ్వరమునకు తాళలేక చనిపోయిరి, మద్రాసు వాడు తాళునని ఎవరును ఆయనకు హామీ యిచ్చియుండరు.

కారు నికోబారు చదునైన చిన్న ద్వీపము. తీరమంతయు కొబ్బరితోటలు. ఆనాడు అక్కడ మూడున్నర వేల వరకు జనులుండిరి. గుండ్రని తేనెపట్టువలె కనబడు వారి యిండ్లు ఎత్తైన స్తంభములమీద కట్టబడియుండెను. నిచ్చెనమీద ఎక్కిపోవలెను. ఓడలు సురక్షితముగా నిలుచు రేవు లేదు. నైరుతి ఋతుపవనము వీచు మాసములలో తీరమును చేరుటయే కష్టము. ప్రభుత్వపు ఆవిరి ఓడ కొన్ని నెలలకొకసారి వచ్చును. అది వచ్చునంతవరకు ఉత్తరము లేదు, పత్రిక లేదు. ద్వీపపు ఉత్తరపు కొననున్న ముస్ అను గ్రామములో సొలొమోను గారు నివాసమేర్పరచుకొని, అచ్చటనే బడియు ప్రార్థనాస్థలమును నెలకొల్పిరి.

ఆయనకు రెండు ఉద్యోగములుండెను. ఒకటి సంఘమునకు ఉపదేశకుడును ఉపాధ్యాయుడును. రెండవది ప్రభుత్వ ప్రతినిధి. కొబ్బరికాయలకొరకు బర్మానుండియు భారతదేశమునుండియు వర్తకుల ఓడలు ప్రతి సంవత్సరము వచ్చును. వాటిని లెక్కవ్రాయుట, అనుమతి పత్రములు చూచుట, తగవులును నేరములును పోర్టు బ్లెయిరుకు తెలియజేయుట ఆయన బాధ్యత. ఈ రెండు పనులు ఒకే మనుష్యుని చేతిలో నుండుట మంచిదా యని అడుగవచ్చును. ప్రభుత్వపు జెండా ఎగురుచోట సువార్తయు దాని నీడలో నున్నట్లు జనులకు తోచును. ఆయన కాలమున మిషను పనులలో ఇది సర్వసాధారణము. అయినను ఈ రెండవ ఉద్యోగమే మొదటిదానికి ఒక దారి చూపెను.

ఆ దారి యేమనగా, నికోబారు వారికి ఆంగ్లము బొత్తిగా తెలియని భాష కాదు. తరతరములుగా ఓడవారితో బేరము చేసి, ఆంగ్లము, బర్మీయము, హిందూస్తానీ ముక్కలు ముక్కలుగా మాటలాడుచుండిరి. ఓడ నాయకులు తమాషాగా పెట్టిన పేర్లను పెద్దలు సంతోషముతో ధరించుకొనెడివారు. లార్డ్ నెల్సన్ అనిపించుకొన్న నికోబారు పెద్దయు, ఫ్రెండ్ ఆఫ్ ఇంగ్లండ్ అనిపించుకొన్న పెద్దయు ఉండిరి. తమతో వ్యాపారము చేసిన ప్రతి నాయకునియొద్దను వారు యోగ్యతాపత్రము నడిగి పుచ్చుకొని, ఎంతో భద్రముగా దాచుకొని, తరువాత వచ్చు ఓడవారికి గర్వముతో చూపుచుండిరి. ఆ కాగితములలో కొన్నింటియందు పత్రము పట్టుకొని వచ్చినవానిని నమ్మవద్దని పరిహాసముగా వ్రాసియుండెను. పట్టుకొని వచ్చినవానికి చదువ రాదు! ప్రభుత్వము గ్రామపెద్దలకు ఒక జెండాయు, వచ్చిన ఓడల నాయకులు వ్రాయుటకొక పుస్తకమును ఇచ్చెను. ఆ పుస్తకములో ఏమి వ్రాయబడినదో అది దాచుకొన్న పెద్దకే తెలియదు. కొబ్బరికాయలకు బదులు ఎంత బియ్యము, ఎంత గుడ్డ రావలెనో వర్తకుడు చెప్పినదే లెక్క. కాబట్టి కారు నికోబారులో ఒక బాలుడు ఆంగ్లములో నాలుగు పంక్తులు చదువ నేర్చుట గొప్పకొరకు చేసిన పని కాదు. తన తండ్రి చేతిలోని కాగితము తన తండ్రినే ఎగతాళి చేయుచున్నదో లేదో తెలిసికొనుటకు వానికి వేరొక సాధనము లేకుండెను.

అయితే ఆ నాలుగు పంక్తులు నేర్పుట ఎంత కష్టము! ఆనాటి ఆంగ్ల వాచకములలో గుఱ్ఱము, నాగలి, గోధుమచేను కనబడును. కారు నికోబారులో నాగలి లేదు. ధాన్యము పండించుట యెవరును ఎరుగరు. కొబ్బరి, కేతకీఫలము, దుంపలు, పందులు, కోళ్లు, చేపలు, ఇదియే వారి ఆహారము. దాహమునకు ఎక్కువగా కొబ్బరినీరే త్రాగుదురు. బియ్యము ఓడలో వచ్చిననే కలదు. ఇట్టి పిల్లవానికి మొదట మాట నేర్పవలెను, ఆ మాట సూచించు వస్తువును నేర్పవలెను, తరువాత అక్షరములు నేర్పవలెను. పైగా ఆంగ్లము గురువుకును మాతృభాష కాదు. మద్రాసు బడిలో తాను పరభాషగా నేర్చినదానిని, మరియొక పరభాష మాటలాడు బాలురకు ఆయన అందించుచుండెను. ఇది లోపమని అనుకొనరాదు. ఆ భాషలో ఎక్కడ నోరు తిరుగదో, ఎక్కడ మనస్సు తడబడునో, పుట్టుకతో ఆంగ్లము మాటలాడినవానికంటె, కష్టపడి నేర్చినవానికే ఎక్కువ తెలియును.

లెక్కలలో మాత్రము బాలురు గురువుకే పాఠము చెప్పగలిగియుందురు. నికోబారు వారు ఇరువదుల చొప్పున లెక్కింతురు. కొబ్బరికాయలనైతే జంటలుగా ఎంచి, ఆ జంటలను ఇరువదులుగా కట్టుదురు. వర్తకులు తీర్చవలసిన బాకీలను వెదురు బద్దలమీద గంట్లు పెట్టి జ్ఞాపకముంచుకొందురు. అక్షరములు లేకపోయినను లెక్క లేనివారు కారు. పదుల లెక్క నేర్పవలెనన్న ముందుగా ఆ ఇరువదుల లెక్కను గురువు గ్రహించుకొనక తప్పదు.

బడిలో చదువు, వ్రాత, లెక్కలు, కీర్తనలు నేర్పబడెను. బాలురలో కొందరు గురువు నివాసముననే ఉండి చదువుకొనుచుండిరి. ఆ బడికి పోటీ వచ్చినవి పండుగలు. కారు నికోబారులో పందుల పండుగయు, దోనెల పండుగయు, అన్నిటిని మించి పితరుల యెముకలను త్రవ్వితీసి చేయు గొప్ప పండుగయు ఉండెను. వాటికొరకు గ్రామము గ్రామమంతయు నెలల తరబడి సిద్ధపడుచుండెను. పాటలు కట్టుట, ఆటలు అభ్యసించుట, పందులను పెంచుట, ఇందులో పిల్లలకు పని లేకుండునా? పండుగ పిలుపు వినబడినప్పుడు బల్లలు ఖాళీయగుట ఏ ఉపాధ్యాయునికైనను తెలిసిన సంగతియే. మన పల్లెలలో కోతల కాలమున జరుగునదియు ఇదియే. సొలొమోను గారు ఆ పండుగలను చూచి ముఖము త్రిప్పుకొనలేదు. ఏ గ్రామములో ఏ పండుగ ఏలాగున జరిగెనో, ఎవరు మరణించిరో, వారిని ఏ ఆచారముతో పాతిపెట్టిరో, ఏ ఓడ వచ్చెనో తన దినచర్య పుస్తకములో వ్రాసికొనిరి. ఆ దినచర్యలోని భాగములు 1902లో లండనులోని మానవశాస్త్ర సంస్థవారి పత్రికలో ప్రచురింపబడెను. ఒక మారుమూల దీవిలోని బడిపంతులు తన విద్యార్థుల తల్లిదండ్రులను గూర్చి వ్రాసికొన్న దినచర్య, ఆ ప్రజలను గూర్చి తెలిసికొనగోరు పండితులకు ఆధారగ్రంథమయ్యెను.

ఆ పుటలలో చీకటి సంగతులును కలవు. రోగమో, ఆకస్మిక మరణమో గ్రామమునకు వచ్చినప్పుడు, ఫలానివాడు మంత్రగాడు, వానియందు దయ్యమున్నదని నిశ్చయించి, పెద్దలందరు కూడబలుకుకొని వానిని రాత్రివేళ చంపివేయు ఆచారము కారు నికోబారులో నుండెను. చంపినవారు దానిని హత్యగా తలంపక, గ్రామమునకు చేసిన రక్షణగా ఎంచుకొనిరి. ఇట్టి మరణములను పోర్టు బ్లెయిరుకు తెలుపుట ప్రభుత్వ ప్రతినిధిగా ఆయన విధి. ప్రొద్దున ఎవరి పిల్లలకు అక్షరములు దిద్దించెనో, సాయంకాలము వారి తండ్రులనుగూర్చియే నివేదిక వ్రాయవలసివచ్చు దినములు ఉండెను. వ్రాయకపోయిన మరియొకడు చచ్చును. వ్రాసిన పిల్లవాడు బడికి రాకపోవచ్చును. చుట్టు సముద్రము, పొరుగు తెల్లవాడు లేడు, పోలీసు లేడు. ఇన్ని సంవత్సరములు ఆయన అక్కడ క్షేమముగా నివసింపగలిగెననిన, ఆ గ్రామస్థులు ఆయనను వేగులవానిగా గాక తమ పిల్లల గురువుగానే ఎంచిరని చెప్పవలెను.

భాష విషయములో ఆయన ముందు దారి లేకుండెను. నాన్‌కౌరి ప్రాంతపు భాషకు రోప్‌స్టార్ఫ్, మాన్ అను అధికారులు నిఘంటువులు కూర్చిరి. కారు నికోబారు భాష దానికి చాల భిన్నమైనది. దానికి లిపి లేదు, పుస్తకము లేదు. సొలొమోను గారు చెవితో విని, నోటితో పలికి ఆ భాష నేర్చుకొనిరి. ఆయన దినచర్యలో నికోబారు మాటలు అనేకములు కానవచ్చును. పిల్లలకు ఆంగ్లము నేర్పుటకు వెళ్లినవాడు తానే పిల్లలయొద్ద విద్యార్థి యయ్యెను. రాస్ ద్వీపములోని గృహమునకును ముస్‌లోని బడికిని నున్న భేదమంతయు ఇచ్చటనే యున్నది. అక్కడ పిల్లలే పరదేశములోనికి తేబడిరి. ఇక్కడ గురువు పరదేశి యయ్యెను. ముస్ పిల్లవానికి పాఠము విసుగుపుట్టిన నిచ్చెన యెక్కి తల్లియొద్దకు పోవచ్చును. మరునాడు తిరిగి వచ్చెనా, వాడు తన ఇష్టముచేతనే వచ్చెను.

లోకము కొలుచు కొలతతో చూచిన ఫలితము స్వల్పమే. ఆయన దినములలో కారు నికోబారు జనులు గుంపులుగా బాప్తిస్మము పొందలేదు. పెద్దలు పాత ఆచారములలోనే ఉండిరి. బాలురలో కొందరు మాత్రమే విశ్వాసులైరి. 1909లో సొలొమోను గారు మరణించిరి. అప్పటి మిషను లెక్కలు తిరగవేసిన అధికారి యెవరైనను, ఇంత దూరములో ఇంత సొమ్ము, ఒక మనిషి ఆయుష్షు వెచ్చించి సాధించినదేమని అడిగిన అడిగియుండవచ్చును.

ఆ బాలురలో హచెవ్కా అను వాడొకడు. తరువాత జాన్ రిచర్డ్‌సన్ అని పిలువబడిన వాడితడే. సొలొమోను గారి బడిలో చదివిన పిమ్మట ఇతడు బర్మాలోని మాండలేకు పంపబడి, మిషను పాఠశాలలో విద్య నభ్యసించి, 1912లో తన ద్వీపమునకు ఉపాధ్యాయుడుగా తిరిగివచ్చెను. గురువు ఖాళీచేసిన ముస్ బడిలో శిష్యుడు నిలిచెను. ఇప్పుడు నేర్పువాడును నేర్చువాడును ఒకే భాషవారు. బర్మానుండి వచ్చిన జార్జి వైట్‌హెడ్ అను గురువుతో కలిసి రిచర్డ్‌సన్ కారు నికోబారు భాషను రోమను లిపిలో వ్రాయసాగెను. వైట్‌హెడ్ కూర్చిన నిఘంటువు 1925లో రంగూనులో అచ్చయ్యెను. రిచర్డ్‌సన్ 1934లో గురువుగా అభిషేకింపబడెను.

తరువాత వచ్చిన శ్రమ యేది యన్నను చాల పెద్దది. 1942 మార్చిలో జపానువారు పోర్టు బ్లెయిరును పట్టుకొనిరి. కారు నికోబారును వారి చేతిలో పడెను. 1945లో వేగువారను నిందమోపి నికోబారు జనులలో అనేకులను వారు చిత్రవధచేసి చంపిరి. ఆంగ్లము చదువ నేర్చినవాడు శత్రువుతో మాటలాడగలవాడని అనుమానింపబడెను గదా! ముస్ బడి నేర్పిన విద్యయే ఆ దినములలో ప్రాణాపాయమయ్యెను. రిచర్డ్‌సనునకును మరణశిక్ష విధింపబడెను. యుద్ధము ముగియుటచేత ఆయన బ్రతికెను. ఆ చావులగుండ నడచిన ఆ జనులు, యుద్ధానంతరము గ్రామములు గ్రామములుగా క్రీస్తు సంఘములో చేరిరి. కూలినదానిని తిరిగి కట్టుటకు ఆయన వారితో నిలిచెను.

1950లో రిచర్డ్‌సన్ బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. 1952లో అండమాను నికోబారు దీవుల పక్షమున మొదటి లోకసభకు నియమింపబడి, 1957 వరకు ఢిల్లీలో కూర్చుండెను. 1966లో ఆ దీవులు ప్రత్యేకమైన డయోసిసు కాగా దానికి ఆయనే ప్రథమ బిషప్పు. ప్రభుత్వము 1965లో పద్మశ్రీయు 1975లో పద్మభూషణమును ఇచ్చి ఆయనను గౌరవించెను. 1978లో ఆయన కన్నుమూసెను. ఈ బిరుదులకన్న ఆయన చేతినుండి వెలువడిన గ్రంథము గొప్పది. కారు నికోబారు భాషలో క్రొత్త నిబంధన 1950లో అచ్చయ్యెను. తరువాత పాత నిబంధనయు చేరి, 1969లో పరిశుద్ధ గ్రంథము సంపూర్ణముగా వెలువడెను.

2004 డిసెంబరు 26వ తేదీన వచ్చిన సునామీ కారు నికోబారు తీరగ్రామములను తుడిచిపెట్టెను. ముస్ గ్రామమును అలల పాలయ్యెను. బ్రతికినవారు తీరమును విడిచి మెట్టభూమికి పోయి గ్రామములు కట్టుకొని, అచ్చట మరల ఆరాధనకు కూడిరి. వారి చేతులలోని గ్రంథము నికోబారు భాషది, దాని అక్షరములు రోమను అక్షరములు. సొలొమోను గారు తన బాలురకు మొట్టమొదట నేర్పినవి ఆ అక్షరములే.